పాత జీపులో గేరు ఆయిలు కారుట: మూలమును కనుగొను విధము, మరమ్మతు

1952 అక్టోబరు 2వ తేదీన సమాజ వికాస పథకము ప్రారంభమైనది. మన పల్లెలకు జీపుతో గట్టి పరిచయము ఆనాటినుండియే ఏర్పడినదని చెప్పవచ్చును. బ్లాకు అభివృద్ధి అధికారి జీపు ఊరి పొలిమేరలో దుమ్ము రేపిన చాలును, పిన్నలు పెద్దలు రచ్చబండ కడకు చేరెడివారు. 1959 నవంబరు 1వ తేదీనుండి ఆంధ్రప్రదేశ్‌లో పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు అమలులోనికి వచ్చిన పిమ్మట, సమితి కార్యాలయమనగానే దాని ముంగిట నిలిచిన జీపు జ్ఞప్తికి వచ్చెడిది. రెండవ ప్రపంచయుద్ధ కాలమున అమెరికాలో సైన్యము కొరకు పుట్టిన ఈ విల్లీసు బండిని 1947లో మహీంద్రా సంస్థవారు బొంబాయిలో కూర్చుటకు పూనుకొనిరి. నాలుగు చక్రములకును ఇంజను బలము నందించు బండి యగుటచే బురదలోను, ఇసుకలోను, వాగులోను చిక్కుపడక తిరిగినది.

సమితుల స్థానమున 1980వ దశకములో మండల వ్యవస్థ వచ్చినది. ఆనాటి జీపులు చాలవరకు వేలములలో చేతులు మారినవి. 15 సంవత్సరములు దాటిన ప్రభుత్వ వాహనముల రిజిస్ట్రేషను 2023 ఏప్రిల్ 1వ తేదీనుండి చెల్లదని కేంద్ర రవాణా మంత్రిత్వశాఖ నియమము చేసినది. పంచాయతీల వాహనములును ఆ నియమములో చేరియున్నవి. కావున పంచాయతీ పేర పాత జీపు తిరుగు దినములు ముగిసినవి. అయినను జీపు పల్లెను విడిచిపోలేదు. పాడేరు, అరకు, మారేడుమిల్లి వంటి మన్యప్రాంతములలో సంతకు పోవువారు నేటికిని జీపులను ఆశ్రయించుచున్నారు. మైదానములలో రైతులయొద్ద, చిన్న గుత్తేదారులయొద్ద పాత మహీంద్రా జీపులు పనిచేయుచునే యున్నవి.

ఇట్టి బండి క్రింద నేలమీద నల్లని మరక కనబడుట సర్వసాధారణము. “పాత జీపనిన ఆ మాత్రము కారకుండునా” యని నవ్వి ఊరకుండువారే హెచ్చు. ఆ మాట కొంతవరకు నిజమే. కాని కారు చోటునుబట్టి ఆ మరక అల్పవిషయము కావచ్చును, ప్రాణాపాయమును కావచ్చును. పాత జీపులలో చేతి బ్రేకు చక్రములకు బిగింపబడలేదు. గేరుబాక్సు వెనుకనున్న ట్రాన్స్‌ఫర్ కేసు కొసన, ప్రొపెల్లరు షాఫ్టు మొదట, ఒక చిన్న డ్రమ్ములో అది యుండును. దాని ప్రక్కనే ఆయిలు సీలు ఉన్నది. ఆ సీలు పాడైనచో ఆయిలు తిన్నగా బ్రేకు పట్టీలపై పడును. నూనె త్రాగిన పట్టీ డ్రమ్మును పట్టదు. ఘాటు దారిలో చేతి బ్రేకు లాగి డ్రైవరు క్రిందికి దిగినపుడు, లోపల పదిమంది కూర్చుండగా, ఆ బండి ఏమి చేయునో వేరుగ చెప్పవలసిన పని లేదు. పంచాయతీ సభ్యులు స్వయముగా బండి మరమ్మతు చేయనక్కరలేదు. కాని ఊరి జనము ఎక్కు బండి ఎట్టి స్థితిలో నున్నదో పరీక్షింపవలసిన వారును, మరమ్మతు బిల్లు వచ్చినపుడు అందలి నిజానిజములు తెలిసికొనవలసిన వారును వారే. అందువలన ఈ విషయమును కొంత వివరముగ చెప్పదలచితిమి.

ముందుగా బండి కడుపులో ఏమున్నదో చూతము. ఇంజను వెనుక క్లచ్చి యున్నది. దానిని గంట ఆకారముగల ఇనుప డొల్ల కప్పియుండును. దాని వెనుక గేరుబాక్సు. గేరుబాక్సు వీపునకు అంటుకొని ట్రాన్స్‌ఫర్ కేసు ఉండును. ఇంజను బలమును ముందు ఇరుసుకును వెనుక ఇరుసుకును పంచిపెట్టునది ఇదియే. ఈ రెండు పెట్టెలలోను పండ్ల చక్రములు నూనెలో మునిగి తిరుగుచుండును. పాత విల్లీసు తరహా జీపులో ఈ రెంటిలోను కలిపి పట్టు నూనె మూడు లీటర్లకు మించదు. ఇంత కొద్ది నూనె గనుకనే అర లీటరు పోయినను లోపము గట్టిగా తగులును. నూనె తగ్గినపుడు మొదట బేరింగులు వేడెక్కును, పిదప పండ్లు ఒరసుకొని అరగును, తుదకు గేరుబాక్సు మొత్తము పట్టుకొనిపోవును. కొన్ని వందల రూపాయల సీలుతో తీరవలసినది వేల రూపాయల ఖర్చునకు వచ్చును.

పెట్టెలోనుండి షాఫ్టు వెలుపలికి వచ్చు ప్రతిచోటను ఒక ఆయిలు సీలు ఉండును. సీలనగా ఇనుప కట్టులో అమర్చిన రబ్బరు వలయము. దాని లోపలి అంచు మెత్తని పెదవివలె షాఫ్టును తాకుచుండును. పెదవి వెనుక సన్నని స్ప్రింగు చుట్ట దానిని షాఫ్టునకు అదిమి పట్టును. షాఫ్టు తిరుగుచున్నంతసేపు ఆ పెదవి దానిని ఒరయుచునే యుండును. పెదవి అరుగుట అందరెరిగినదే. కాని మెత్తని రబ్బరు గట్టి ఉక్కును గూడ అరుగదీయునన్న సంగతి చాలమంది యెరుగరు. దుమ్ము, సన్నని ఇసుక పెదవి క్రింద చేరి ఆకురాయివలె పనిచేయును. ఏండ్లు గడచిన కొలది షాఫ్టు చుట్టును ఒక సన్నని గాడి ఏర్పడును. బావి గిలకకు చేంతాడు పెట్టిన గాడివంటిదే అది.

ఈ గాడి యెంత పని చేయునో మేము గచ్చిబౌలిలో కన్నులార చూచితిమి. గచ్చిబౌలి యనగా నేడు అద్దాల మేడలే జ్ఞప్తికి వచ్చును. కాని అదియు బండరాళ్ల గుట్టల నడుమనున్న పల్లెయే. 1974లో ఏర్పడిన హైదరాబాదు విశ్వవిద్యాలయము ఈ ప్రాంతమున నెలకొన్నది. 1998లో చేరువనే హైటెక్ సిటీ తెరువబడినది. శేరిలింగంపల్లి పురపాలకముతోపాటు ఈ ప్రాంతము 2007లో బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థలో చేరినది. 2008లో బాహ్యవలయ రహదారి తొలి భాగము ఇచ్చటినుండి శంషాబాదు వరకు తెరువబడినది. కంప్యూటరు కొలువులు చేయు యువకులలో కొందరికి పాత జీపులపై మక్కువ యెక్కువ. వారమంతయు చల్లని గదులలో కూర్చుండి, ఆదివారమునాడు అనంతగిరి కొండల మట్టి బాటలు పట్టి పోవుట వారికి వేడుక. వారి పుణ్యమా యని నగరములో అంతరించిపోవలసిన జీపు మరమ్మతు విద్య ఈ ప్రాంతపు షెడ్డులలో ఇంకను బ్రతికియున్నది. పల్లెలనుండి వచ్చు జీపులకును ఆ షెడ్డులే దిక్కు.

అట్టి యొక షెడ్డులో మేము రెండు దినములు గడిపితిమి. వికారాబాదు జిల్లానుండి ఒక రైతు తన జీపును తెచ్చియుండెను. ఏడాదిలో మూడు మారులు వెనుక సీలు మార్పించినను నూనె నిలువలేదనియు, ఇక గేరుబాక్సంతయు విప్పి బేరింగులన్నియు మార్చవలెనని వేరొక మెకానిక్కు చెప్పెననియు వాపోయెను. షెడ్డు పెద్ద అరువదేండ్ల వాడు. అందరును ఆయనను ఉస్తాదనియే పిలుతురు. ఆయన బండి క్రిందికి తొంగిచూచి, “చుక్క పడ్డకాడ కాదు పటేలా, చెమ్మ పుట్టినకాడ చూడాలె” అనెను. మా వ్యాసమున చెప్పదలచిన సారము ఆ మాటలోనే యున్నది.

బండి పరుగెత్తునపుడు గాలి నూనెను వెనుకకు నెట్టును. నూనె తానుగా క్రిందికి జారును. కనుక మరకలలో అన్నింటికంటె పైనను, అన్నింటికంటె ముందుగాను ఉన్న చెమ్మయే మూలము. క్రింద కనబడు చుక్క దాని కొస మాత్రమే. ఏండ్ల తరబడి పేరుకొన్న మట్టి, జిడ్డు నడుమ ఆ మూలమును గుర్తించుట ఎవరి తరమును కాదు. అందుచేత ఉస్తాదు మొదట చేసిన పని కడుగుట. కుర్రవాని చేత కిరసనాయిలుతోను, గట్టి బ్రష్షుతోను ఇనుము రంగు తేలువరకు తోమించి, గుడ్డతో తుడిపించి, ఆరనిచ్చెను. పిదప అంతటను తెల్లని పౌడరు పలుచగా చల్లెను. ముగ్గుపిండియైనను చాలునట. తరువాత బండిని బాహ్యవలయ రహదారి ప్రక్క దారిపై పది కిలోమీటర్లు నడిపి వచ్చిరి. నూనె వేడెక్కి పలుచనగును గాన, నిలిచియున్న బండిలో దాగిన కారుడు కూడ అప్పుడు బయటపడును. తిరిగి వచ్చి గుంటపై నిలిపి టార్చిలైటు వేసి చూడగా, తెల్లని పౌడరుమీద గోధుమవన్నె చార ఒకటి స్పష్టముగ కనబడెను. అది ట్రాన్స్‌ఫర్ కేసు వెనుక ఫ్లాంజి కడ పుట్టి, బ్రేకు డ్రమ్ము లోపలికి పోవుచుండెను. గేరుబాక్సు చుట్టును పౌడరు పొడిగానే యుండెను. విప్పవలసిన పనిలేని గేరుబాక్సును విప్పుటకు వేరొకచోట లెక్క కట్టిరన్నమాట.

ప్రొపెల్లరు షాఫ్టును, డ్రమ్మును, ఫ్లాంజిని విడదీసిరి. సీలు క్రొత్తదే, కాని పెదవి చినిగియున్నది. ఉస్తాదు సీలును పక్కన పడవైచి, ఫ్లాంజి మెడను గుడ్డతో తుడిచి, దానిమీద గోరు అడ్డముగ నడపెను. గోరు ఒకచోట చిక్కుకొనెను. మమ్ములను గూడ తాకి చూడుమనెను. గాడి కంటికి వెండ్రుకవలె సన్నముగనున్నను, గోటికి స్పష్టముగ తగులుచుండెను. మూడు మారులు మార్చిన మూడు సీళ్లును ఆ గాడి అంచునకే బలియైనవి. క్రొత్త పెదవి ఆ గాడిలో పడి సరిగా అదమదు, అంచు తగిలి కొలది దినములలో చినుగును. గాడిని వదలి సీలును మాత్రమే మార్చుట చిల్లికుండకు మూత మార్చుట వంటిది.

దీనికి మూడు విధములైన చికిత్సలు గలవు. అన్నింటికంటె మేలు క్రొత్త ఫ్లాంజి వేయుట. పాత జీపు విడిభాగములు హైదరాబాదులో రాణిగంజ్ ప్రాంతమునను, విజయవాడ, విశాఖపట్టణములలోని ఆటోనగరులలోను దొరకుచున్నవి. రెండవది, గాడిపైన సన్నని ఉక్కు తొడుగు బిగించుట. ఇది లేతు పని బాగుగ నెరిగినవాడే చేయవలెను. మూడవది పేదవాని ఉపాయము. సీలును దాని గూటిలో పూర్తిగా దిగగొట్టక ఒకటి రెండు మిల్లీమీటర్లు ఇవతలనే నిలిపినచో పెదవి గాడిని తప్పి నున్నని చోట కూర్చుండును. గూడు లోతుగానున్నప్పుడే ఇది పొసగును. సీలు ఏమాత్రము వాలిపోరాదు. రైతు జీపునకు ఉస్తాదు క్రొత్త ఫ్లాంజినే వేయించెను.

సీలు బిగించు పద్ధతిని గూర్చి రెండు మాటలు చెప్పవలెను. చాలచోట్ల సుత్తితో ఒక ప్రక్కను, మరల రెండవ ప్రక్కను కొట్టుచు సీలును దింపుదురు. అట్లు చేసినచో ఇనుప కట్టు వంగి, మొదటి దినముననే కారుట మొదలిడును. సీలు వెడల్పునకు సరిపోవు గొట్టపు ముక్కను దానిపై నుంచి, నడిమిన మెల్లగా కొట్టి, నలుదిక్కుల సమముగ దింపవలెను. పెదవి ఎల్లప్పుడును నూనె ఉన్న ప్రక్కకు తిరిగియుండవలెను. బిగించుటకు ముందు పెదవికి కొంచెము గేరు ఆయిలు పూయవలెను. లేనిచో తొలి నిమిషముననే ఎండిన రబ్బరు కాలిపోవును. ఫ్లాంజి లోపలి గాళ్లగుండ నూనె పాకి నట్టు నడుమనుండి వచ్చుటయు గలదు. ఇది సీలు దోషమువలెనే కనబడి చాలమందిని మోసపుచ్చును. ఆ గాళ్లకును, నట్టు క్రింది వాషరునకును ప్యాకింగు జిగురు పలుచగ పూసిన చాలును. ఉస్తాదు ఫ్లాంజిని చేత బట్టి పైకి క్రిందికి కదిపి గూడ చూచెను. అది కదలాడినచో లోపలి బేరింగు వదులైనదని అర్థము. ఊగు షాఫ్టుమీద ఎంత మంచి సీలైనను నెల దినములు నిలువదు. ప్రొపెల్లరు షాఫ్టు క్రాసులు అరిగి అదురు పుట్టినను అంతే.

ఈ జీపులో మరియొక దోషమును దొరకినది. పెట్టెలోని గాలి వేడికి వ్యాకోచించును. అది పోవుటకు బ్రీదరను చిన్న రంధ్రము గలదు. బండి తరహానుబట్టి దాని చోటు మారును. వాగుల బురద పట్టి అది పూర్తిగా మూసుకొనియుండెను. గాలి పోవు దారి లేక లోపలి ఒత్తిడి నూనెను సీళ్లగుండ వెలుపలికి నెట్టును. మూతపెట్టి బిగించిన కుండలో ఎసరు కాగినట్లే. ఉస్తాదు సన్నని తీగతో దానిని పొడిచి, కిరసనాయిలుతో కడిగెను. ఖర్చేమియు లేదు, అయిదు నిమిషముల పని. ఏ పాత బండిలోనైనను నూనె కారుట కనబడినప్పుడు సీలు కొనుటకు ముందు ఈ రంధ్రమును శుభ్రపరచి వారము దినములు చూడవలెనని మా యభిప్రాయము. బ్రేకు పట్టీలపై నూనె పడుచున్నచో మాత్రము ఆ వారమును ఆగరాదు.

వెనుక సీలు ఒక్కటే కారు చోటు కాదు. క్లచ్చి డొల్ల అడుగున ఒక చిన్న రంధ్రముండును. అందుండి చుక్కలు పడినపుడు అది ఇంజను నూనెయో, గేరు నూనెయో మొదట తేల్చుకొనవలెను. చుక్కను వేలితో తీసి వాసన చూడుడు. గేరు ఆయిలు చిక్కగ, జిగటగ, గంధకపు ఘాటుతో నుండును. ఆ వాసన ఒక్కమారు తెలిసినవాడు మరువడు. డీజిలు ఇంజను నూనె కాటుకవలె నల్లగను, దానికంటె పలుచగను ఉండును. ఇంజను నూనె యైనచో దోషము ఇంజను వెనుక సీలుది. గేరు ఆయిలైనచో గేరుబాక్సు ముందు వైపుది. రెంటికిని గేరుబాక్సును దింపవలసియే యుండును గాని, ఏది మార్చవలెనో ముందే తెలియుట మేలు. గేరుబాక్సు దింపినపుడు క్లచ్చి ప్లేటును కూడ చూపుమని అడుగవలెను. అది నూనె త్రాగియున్నచో ఎత్తు ఎక్కునపుడు బండి లాగదు. మరల ఆరు నెలలకు దానికొరకే తిరిగి దింపించుట వృథా ఖర్చు.

మరియొక చిత్రము గలదు. కొన్ని జీపులలో వెలుపల చుక్కయైనను పడదు, గేరుబాక్సులో నూనె మాత్రము తగ్గుచుండును. రెండు పెట్టెలును ఒకదానికొకటి ఆనుకొనియుండుటచే లోపలి దారిన నూనె ఒకదానినుండి రెండవదానికి పోవుట గలదు. ఒకటి ఎండుచుండ రెండవది నిండి పొంగును. పొంగినది సీళ్లగుండ కారును. చూచువాడు ట్రాన్స్‌ఫర్ కేసు సీలు పోయినదని తలచును. అందుచేత బండిని సమతలమున నిలిపి, కొంతసేపు చల్లారనిచ్చి, రెండు పెట్టెల ప్రక్కనున్న నూనె పోయు ప్లగ్గులను విడివిడిగ విప్పి చూడవలెను. నూనె రంధ్రపు క్రింది అంచును అందుకొనియుండవలెను. అంతకంటె మించరాదు, తగ్గరాదు. విప్పుటలో ఒక క్రమము పాటింపుడు. మొదట పోయు ప్లగ్గు విప్పి, అది కదలునని తెలిసికొన్న పిమ్మటనే అడుగు ప్లగ్గు విప్పవలెను. నూనె అంతయు క్రిందికి వదలి, పైప్లగ్గు తుప్పుపట్టి కదలక బండి గుంటమీదనే నిలిచిపోయిన ఉదంతములు షెడ్డులలో కథలుగ చెప్పుకొందురు.

అడుగునుండి తీసిన నూనె ఎన్నో సంగతులు చెప్పును. పాలు కలిసిన టీవలె తెల్లబారియున్నచో లోపలికి నీరు పోయినది. కారుట యనునది ఒకవైపు దారి కాదు. నూనె వెలుపలికి రాగల చోట నీరు లోపలికి పోగలదు. వేడిగానున్న బండి వాగులో దిగినపుడు పెట్టె ఒక్కసారిగ చల్లబడి, లోని గాలి కుదించుకొని, అరిగిన సీలుగుండ నీటిని పీల్చుకొనును. వానకాలమున వాగులు దాటిన జీపులలో ఈ పరీక్ష తప్పక చేయవలెను. తెల్లబారిన నూనెను ఒక్క దినమైనను ఉంచరాదు. నూనెలో పసుపువన్నె రజను మెరయుచున్నచో గేర్లు కలుపు ఇత్తడి ఉంగరములు అరుగుచున్నవి. వ్రేళ్లకు ఉక్కు పెళ్లలు తగిలినచో మాత్రము సీలుతో తీరునది కాదు, పెట్టె విప్పవలసినదే.

ఏ నూనె పోయవలెనను ప్రశ్న చిన్నదిగా తోచును గాని చిన్నది కాదు. పాత జీపులకు 90 నంబరు చిక్కదనముగల గేరు ఆయిలు నిర్ణయింపబడినది. డబ్బామీద జి.ఎల్.4, జి.ఎల్.5 అని వ్రాసియుండును. అంకె పెద్దదైన మంచిదని జి.ఎల్.5ను కొనువారు గలరు. అది ఇరుసు నడిమి పండ్లకు మంచిదే. కాని అందలి గంధకపు మందులు కొన్ని పాత గేరుబాక్సులలోని ఇత్తడి ఉంగరములను తినివేయును. కనుక గేరుబాక్సునకు జి.ఎల్.4 అడిగి తీసికొనుట క్షేమము. కారుట ఆపుటకని 140 నంబరు నూనెను పోయుట, గ్రీసు కూరుట, అమ్మకమునకు పెట్టిన బండిలో చప్పుడు వినబడకుండుటకు రంపపుపొట్టు కలుపుట వంటి దొంగ ఉపాయములు చాలకాలమునుండి వాడుకలో నున్నవి. గ్రీసు పండ్లమధ్యకు పారదు. పండ్లు దానిలో దారి చేసికొని ఒంటిగ తిరుగును, బేరింగులు ఎండిపోవును. పాత జీపు కొనువారు అడుగు ప్లగ్గు విప్పించి నాలుగు చుక్కలు అరచేత వేసికొని చూచిన పిమ్మటనే బేరమాడవలెను.

బండి క్రింద దూరువారికి ఒక హెచ్చరిక. పాత జీపు చేతి బ్రేకు ప్రొపెల్లరు షాఫ్టును పట్టునదే గాని చక్రములను పట్టునది కాదని ముందే చెప్పితిమి. వెనుక చక్రమొకటి జాకీతో పైకి లేపినచో, షాఫ్టు కదలకున్నను, లేచిన చక్రము ఒకవైపునకును నేలనున్న చక్రము రెండవవైపునకును తిరుగగలవు. అనగా చేతి బ్రేకు లాగియున్నను బండి దొర్లును. చక్రములకు ముందు వెనుకల రాళ్లు పెట్టక ఎవ్వరును క్రిందికి పోరాదు. జాకీని మాత్రమే నమ్మి పని చేయరాదు.

నూనె త్రాగిన బ్రేకు పట్టీలను పెట్రోలుతో కడిగి, ఎండబెట్టి, ఆకుకాగితముతో రుద్ది మరల బిగించువారున్నారు. రెండు దినములు బాగుగనే పట్టును. పిమ్మట వేడికి లోపలి నూనె పైకి ఊరి మరల జారుట మొదలిడును. రైతు జీపునకు ఉస్తాదు క్రొత్త పట్టీలే వేసెను. ఆ విషయమున బేరమునకు తావియ్యలేదు. జనము నెక్కించు బండికి వేరు మార్గము లేదని మేమును తలంచుచున్నాము.

ఇక పంచాయతీ ట్రాక్టర్ల సంగతి. తెలంగాణలో 2019లో ప్రారంభమైన పల్లె ప్రగతి కార్యక్రమమున 12 వేలకు పైబడిన గ్రామ పంచాయతీలకు ట్రాక్టరు, ట్రాలీ, నీళ్ల ట్యాంకరు సమకూరినవి. చెత్త తరలింపు, మొక్కలకు నీరు పోయుట వాటితోనే జరుగుచున్నది. అవి నేడు కొత్త బండ్లు కావు; సీళ్లు గట్టిబారు వయసునకు వచ్చినవి. పైని చెప్పిన పద్ధతి ట్రాక్టరునకును వర్తించును. భేదము నూనె పరిమాణములో నున్నది. ట్రాక్టరులో గేర్లకును, ట్రాలీ నెత్తు హైడ్రాలికునకును చాలవరకు ఒకే నూనె పనిచేయును, అది పదుల లీటర్లలో నుండును. కనుక కొంత కారినను వెంటనే తెలియదు. ట్రాలీ మెల్లగా లేచుట, లేచునపుడు మూలుగుట నూనె తగ్గినదనుటకు గుర్తులు. వెనుక చక్రము లోపలి ముఖమున చెమ్మ కనబడినచో ఇరుసు సీలు పోయినదని గ్రహింపవలెను. డొల్ల అడుగు చుక్కలకు జీపు విషయమున చెప్పినదే. ఏ నూనె పోయవలెనో బండితో వచ్చిన పుస్తకమునందుండును. ఆ పుస్తకము కార్యాలయపు బీరువాలో నుండవలెను గాని డ్రైవరు ఇంట కాదు.

మరమ్మతు బిల్లు పంచాయతీ ముందునకు వచ్చినపుడు సభ్యులు అడుగవలసిన ప్రశ్నలు పెద్దవి కావు. నూనె ఎచ్చట పుట్టినది? కడిగి చూచిరా? తీసిన పాత సీలు ఏది? షాఫ్టు మెడమీద గాడి యున్నదా? బ్రీదరు శుభ్రము చేసిరా? పాత భాగములను మూటగట్టి ఇమ్మని ముందుగనే చెప్పినచో, ఈ ప్రశ్నలలో సగము అడుగనక్కరలేకయే తీరును. నిజాయితీగల మెకానిక్కు ఈ ప్రశ్నలకు కోపగింపడు. తన పని తెలిసినవారు దొరకినందులకు సంతసించును. గచ్చిబౌలి ఉస్తాదు మాకు తీసిన ఫ్లాంజిని చూపుటలో కనబరచిన ఉత్సాహమే ఇందుకు తార్కాణము.

తీసిన నూనెను ఏమి చేయవలెను? చెదలకని ద్వారబంధములకు పూయుట, మురుగుకాలువలో పారబోయుట మన పల్లెలలో పరిపాటి. ఆ కాలువ చెరువును చేరును. నూనె పొర నీటిపై పరచుకొని గాలిని అడ్డును. పశువులు త్రాగు నీటిలో అరిగిన లోహపు రజను చేరును. 2016 నాటి ప్రమాదకర వ్యర్థముల నియమముల ప్రకారము వాడిన నూనెను అనుమతిగల శుద్ధి కేంద్రములకే చేర్చవలెను. ఊరిలో మరమ్మతు షెడ్డు ఉన్నచో మూతగల ఒక డ్రమ్మును, నూనె పట్టుటకు ఒక పళ్లెమును ఉంచవలెనని పంచాయతీ తీర్మానము చేయవచ్చును. డ్రమ్ము నిండిన నూనెకు వెల గలదు. కొనువారు దానికొరకు వత్తురు గాన షెడ్డువానికి నష్టము లేదు.

సీలు మార్చిన బండిని నూరు కిలోమీటర్లు నడిచిన పిమ్మట మరల గుంటమీద చూడవలెను. క్రొత్త సీలు కడ తొలుత పలుచని చెమ్మ కనబడుట గలదు. అది చుక్కగా మారకున్నచో భయము లేదు. ప్యాకింగు వేసిన బోల్టులను ఒక్కసారి బిగించి, రెండు పెట్టెలలోను నూనె మట్టమును చూచి, తేదీని, మీటరు అంకెను లాగుబుక్కున వ్రాయింపుడు. ప్రతి సీలు ముఖముమీదను మూడు అంకెలు చెక్కియుండును. అవి లోపలి వ్యాసము, వెలుపలి వ్యాసము, మందము. చాలవరకు మిల్లీమీటర్లలో నుండును. ఆ మూడు అంకెలను గూడ లాగుబుక్కున వ్రాసియుంచినచో, పాడేరు కొండమీద నున్న డ్రైవరైనను టెలిఫోనులో చెప్పి విశాఖ ఆటోనగరునుండి ఆ సీలును మరునాటి బస్సుకు తెప్పించుకొనగలడు.